దుప్పటి కప్పిన మాటలు

నలభై దాటి, ముందు జుట్టు పలచబడి, ముక్కు మీదికి కళ్ళజోడు వచ్చినా ఇంట్లోవాళ్ళకి అతను బుజ్జే. ఆ పేరు పెట్టింది బావ. అక్క పెళ్ళి చేసుకుని కాపురానికి వెళ్తూ, తల్లి లేని తమ్ముణ్ణి కూడా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. "ఇదేంట్రా, పెళ్ళాంతో పాటు పిల్లాడు కూడా దిగాడు" అని స్నేహితులు ఆటపట్టిస్తే, బావ ఏమాత్రం తడుముకోకుండా "నాకు కలిసొచ్చింది, ఒక్క పెళ్ళికి ఇద్దరు మనుషులు" అన్నాడట. ఆ మాట అక్క ఇప్పటికీ చెబుతుంది.

బావ ఇంజన్ మెకానిక్కు. రోడ్డు మలుపులో రేకుల షెడ్డు, నూనె పీల్చి పీల్చి నల్లబడిన నేల, గోడకి వేలాడే పానాలు. బడి వదలగానే బుజ్జి అక్కడికే వచ్చి, బోర్లించిన చెక్కపెట్టె మీద పుస్తకాలు పరుచుకునేవాడు. బండి మలుపు తిరుగుతుండగానే దానికేం రోగమో బావ చెప్పేసేవాడు. బానెట్ ఎత్తాక చేసేది రుజువు చూపించడమే. సందేహం ఉంటే పొడుగాటి స్క్రూడ్రైవరు కొస ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు.

"ఇలా రావోయ్, పెట్టు చెవి" అనేవాడు బుజ్జిని పిలిచి. "టకటకమంటోందే, అది వాల్వు. దాని వెనకాల సన్నగా ఏడుస్తోందే, అది బేరింగు. ఆ ఏడుపు వినిపించినన్నాళ్ళూ పర్లేదు. విననివాడికే నష్టం."

బుజ్జికి ఆ ఏడుపు వినిపించేది. పానా పట్టడం మాత్రం చేతకాలేదు. "నట్టు తిరగడం మాట దేవుడెరుగు, ముందు నువ్వు తిరిగిపోతున్నావ్" అని నవ్వి, బావే అతన్ని ఎలక్ట్రానిక్స్ చదువులో చేర్పించాడు. చదువు అయ్యాక బుజ్జి శబ్దాల పనిలోనే స్థిరపడ్డాడు. అది తన తెలివనుకున్నాడు కొన్నాళ్ళు. తర్వాత తెలిసింది, అదీ ఆ షెడ్డు పెట్టిన భిక్షే అని.

ఇంజన్ల మధ్య ముప్ఫై ఏళ్ళు నిలబడిన బావ చెవులు మెల్లగా మొరాయించాయి. మొదట్లో ఇంట్లో అది నవ్వులాటగానే ఉండేది. అక్క "టీ పెట్టనా?" అంటే "పెట్టే వచ్చా, తాళం కూడా వేశా" అనేవాడు, షెడ్డు సంగతనుకుని. ముగ్గురూ పడీపడీ నవ్వేవాళ్ళు. కొన్నాళ్ళకి నవ్వులాటలు ఆయన దాకా వెళ్ళడం మానేశాయి. బావ, బావమరిది కూర్చుంటే గుక్క తిప్పుకోనివ్వకుండా ఒకరినొకరు ఏడిపించుకునేవాళ్ళు కాస్తా, పక్కపక్కన కూర్చుని గోడ చూసుకునే దశకి వచ్చారు. చెవిలో దూర్చుకునే చిన్న మిషన్లు బావకి పడలేదు. చెమటకి జారిపోయేవి. ఒకటి ఏకంగా నూనె డబ్బాలోనే పడింది.

బుజ్జి పనిచేసేది చిన్న కంపెనీ. బట్టల కొట్టు మీద మేడ, మూడు గదులు. వినికిడి తగ్గినవాళ్ళకి జేబులో పెట్టుకునే పెట్టెలు తయారుచేసేవాళ్ళు. సబ్బుపెట్టె అంత పెట్టె, దానికో మైకు, వైరు, తలకి పెట్టుకునే హెడ్‌ఫోన్లు. "బావకి సరిపోయేది నేనే చేస్తా" అన్నాడు బుజ్జి. అన్నట్టే చేశాడు.

ఆ పెట్టెలో ముఖ్యమైనవి రెండు చిప్పులు. ఒకటి శబ్దాల్ని జల్లెడ పట్టే ఫిల్టర్ చిప్పు. మనిషికి ఏ సన్నటి శబ్దాలు వినిపించడం లేదో వాటిని పైకెత్తి, ఒట్టి రొదని కిందికి నొక్కడం దాని పని. రెండోది మైక్రోకంట్రోలర్, పెత్తనమంతా దానిది. ఫిల్టర్ చిప్పుకి మతిమరుపు. స్విచ్చి ఆపితే నేర్చుకున్నదంతా మరిచిపోతుంది. అందుకని స్విచ్చి వేసిన ప్రతిసారీ, దేన్ని వదలాలో దేన్ని ఆపాలో మైక్రోకంట్రోలర్ దానికి మళ్ళీ అంకెల్లో చెప్పాలి. రెండు సన్నటి తీగల మీద ఒకదాని వెనక ఒకటిగా ఆ అంకెలు వెళ్తాయి. ఒక్కో అంకె అందగానే ఫిల్టర్ చిప్పు అందులో ఒక తీగ మీది వోల్టేజిని క్షణంపాటు కిందికి లాగి వదులుతుంది. మనం ఫోన్లో "ఊఁ" కొట్టినట్టు.

ఆ అంకెల కోసం బుజ్జి షెడ్డులో బావ పక్కన కూర్చుని మరీ కష్టపడ్డాడు. ఒక అంకె మార్చడం, "ఇప్పుడెలా ఉంది బావా?" అనడం, మళ్ళీ మార్చడం. ఒక పూట బావ ఉలిక్కిపడి పైకి చూశాడు. "ఓర్నీ, ఈ ఫ్యాను కూడా మాట్లాడుతుందే!"

పెట్టె తయారైంది. ఒక వృద్ధుల ఆశ్రమం వాళ్ళు చాలా పెట్టెలు కావాలన్నారు. ఓనరు వెనకనుంచి తరిమాడు. మైక్రోకంట్రోలర్ అంకెలు పంపేలా రాసిన బుజ్జి, అవతలి నుంచి "ఊఁ" వచ్చిందో లేదో చూసుకునేలా మాత్రం రాయలేదు. బల్ల మీద పెట్టి ఎన్నిసార్లు చూసినా వస్తూనే ఉంది కదా, తర్వాత చూద్దాంలే అనుకున్నాడు. ఆ "తర్వాత" అనేది రాలేదు.

కొన్ని వారాలకి బావ అన్నాడు.

"ఏమోయ్ బుజ్జీ, నీ పెట్టెకేదో అయిందోయ్. పొద్దున శుభ్రంగా వినిపిస్తుంది. మధ్యాహ్నం దాటితే మాటల మీద ఎవరో దుప్పటి కప్పినట్టుంటుంది. గొంతు తెలుస్తుంది, ఏమన్నారో తెలీదు."

బుజ్జి పెట్టెని ఆఫీసుకి పట్టుకెళ్ళాడు. ముందు బ్యాటరీ నిండా చార్జింగ్ పెట్టాడు, తర్వాత కంప్యూటరుకి తగిలించి పరీక్షించాడు. గీతలన్నీ ఉండాల్సినచోటే ఉన్నాయి. సాయంత్రం తెచ్చి ఇచ్చేశాడు.

"పెట్టె బంగారంలా ఉంది బావా. పొద్దంతా ఆ రొదలో ఉంటావు కదా, మధ్యాహ్నానికి చెవులు అలిసిపోతాయి. వయసు కూడా వస్తోంది మరి."

"అంతేనంటావా?"

"అంతే బావా."

"సరేలే. నువ్వు చెప్పాక ఇంకేముంది."

ఇంకోసారి ఫోన్ చేశాడు. అప్పుడు బుజ్జి ఆశ్రమం వాళ్ళ పెట్టెల పనిలో మెడదాకా మునిగి ఉన్నాడు. "బావా, పెట్టెలో ఏం లేదని చెప్పాగా. ఒకసారి చెవుల డాక్టరుకి చూపించుకో" అన్నాడు, కాస్త విసుగ్గానే. బావ "అలాగేలే" అని పెట్టేశాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోయేసరికి, సర్దుకుందనుకున్నాడు బుజ్జి.

ఒక మధ్యాహ్నం బేకరీ వ్యాను షెడ్డుకి వచ్చింది. డ్రైవరు పాత మనిషి. "ఏదో సన్నగా అరుస్తోంది, కాస్త చూడండి" అన్నాడు. బావ స్క్రూడ్రైవరు ఆనించి విన్నాడు, జేబులోని పెట్టె మైకుకి పిడి ఆనించి విన్నాడు, ఇంజను రేజ్ చేయించి విన్నాడు. ఏమీ లేదని పంపించేశాడు. పెద్ద రోడ్డు మీద బేరింగు పట్టేసి ఇంజను ఒక్కసారిగా బిగుసుకుపోయింది. వ్యాను పక్కనున్న ఇనుప కమ్మీలకి గుద్దుకుంది. డ్రైవరు ప్రాణానికి ఏమీ కాలేదు గానీ మణికట్టు విరిగింది. కట్టు కట్టించుకుని షెడ్డుకి వచ్చినవాడు గొడవ పడలేదు. "పోనీలెండి, పెద్దవారయ్యారు" అన్నాడంతే. ఆ మాట మాత్రం బావకి వినపడింది.

ఆ వారమే బావ షెడ్డు తాళాలు పక్క షెడ్డు వెల్డరు చేతిలో పెట్టేశాడు. పెద్ద షాపు ముందు కార్లు పెట్టించే పనికి చేరాడు. "అక్కడ వినేదేముంది, చెయ్యి ఊపితే చాలు" అన్నాడు. అక్క ఏడుస్తూ ఫోన్ చేస్తే బుజ్జి ఓదార్చాడు. "మంచిదేలే అక్కా, ఎన్నాళ్ళని కష్టపడతాడు. ఇంక కాస్త విశ్రాంతిగా ఉండనీ."

ఆ తర్వాత ఏడాది పైనే గడిచింది. కంపెనీలో కొత్త మోడల్ పని మొదలైంది. బ్యాటరీ ఎంతసేపు వస్తుందో చెప్పమన్నాడు ఓనరు. అందుకని బుజ్జి బల్ల మీదున్న కరెంటు సరఫరా తీసేసి, సగానికి పైగా వాడేసిన బ్యాటరీ తగిలించాడు. పెట్టె పాతదే. స్విచ్చి వేసి, తీసి, మళ్ళీ వేశాడు. రెండు తీగల మీద ఏం నడుస్తోందో ఎదురుగా తెర మీద కనిపిస్తోంది.

అంకెలు వరసగా వెళ్తున్నాయి. ప్రతి అంకె చివరా తెర మీది గీత కిందికి దిగాలి. దిగడం లేదు. మళ్ళీ స్విచ్చి తీసి వేశాడు. దిగలేదు. అవతల ఊఁ కొట్టేవాళ్ళు లేరు. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఫిల్టర్ చిప్పు చప్పున లేస్తుంది. బ్యాటరీ తగ్గాక లేవడానికి దానికి ఇంకాస్త సమయం కావాలి. మైక్రోకంట్రోలర్ ఆగలేదు. అది లేవకముందే అన్నీ గడగడా ఒప్పజెప్పేసి, పని అయిపోయిందనుకుని పక్కకి తిరిగింది. ఆ తర్వాత లేచిన చిప్పుకి ఎవరూ ఏమీ చెప్పలేదు కనుక, చిప్పు తయారుచేసినవాళ్ళు పెట్టి పంపిన పద్ధతిలోనే పనిచేసింది. సన్నటివన్నీ కోసేసి, లావుపాటి గొంతుల్ని మాత్రం వదిలింది.

బుజ్జి హెడ్‌ఫోన్లు తలకి పెట్టుకుని మైకు దగ్గర "ఒకటి, రెండు, మూడు" అన్నాడు. తన గొంతే తనకి మందంగా, మూలమూలలు అరిగిపోయినట్టు వినిపించింది. ఆ క్షణంలోనే దుప్పటి అన్న మాట గుర్తొచ్చింది.

పొద్దున శుభ్రంగా ఉంటుంది. మధ్యాహ్నం దాటితే. ఇంతకన్నా ఎవరు మాత్రం వివరంగా చెబుతారు? బావకి ఏదీ వృథా పోవడం గిట్టదు. ఎవరూ మాట్లాడకపోతే పెట్టె ఆపేస్తాడు, ఎవరైనా పలకరిస్తే వేస్తాడు. మధ్యాహ్నానికి బ్యాటరీ తగ్గేది, ఆపి వేసిన ప్రతిసారీ చిప్పు గుడ్డిగా లేచేది. ఆ రోజు ఆఫీసుకి తెచ్చినప్పుడు తనేం చేశాడు? ముందు చార్జింగ్ పెట్టాడు. ఆకలితో పడిపోయినవాడికి కడుపునిండా పెట్టి, పడుకోబెట్టి లేపి, ఒంట్లో ఏమీ లేదు పొమ్మన్నట్టు.

బాగుచేయడానికి ఒక పూట కూడా పట్టలేదు. చిప్పు లేచేదాకా ఆగడం, అంకె పంపాక ఊఁ వచ్చిందా అని చూడటం, రాకపోతే మళ్ళీ పంపడం, చివర్లో ఆ అంకెలన్నీ వెనక్కి చదివించుకుని సరిచూడటం. పని ఇంత చిన్నది కావడమే అతన్ని ఎక్కువ కాల్చింది. ఇది ఏ కొమ్ములు తిరిగినవాడికీ అంతుచిక్కని చిక్కుముడి అయినా బాగుండేది.

సెలవురోజున బావ ఇంటికి వెళ్ళాడు. దారిపొడుగునా ఎలా చెప్పాలో అనుకుంటూనే వెళ్ళాడు. గుమ్మంలో బావ ఎదురై, మాట లేకుండా చేతి సైగతోనే పలకరించేసరికి నోట్లో మాట మారిపోయింది.

"కొత్త మోడల్ వచ్చింది బావా. నీ పెట్టె ఇటివ్వు, మార్చి ఇస్తా."

లోపల గదిలో కూర్చుని, ఆ పాత పెట్టెలోకే కొత్త ప్రోగ్రాం ఎక్కించి తెచ్చి ఇచ్చాడు. బావ హెడ్‌ఫోన్లు పెట్టుకుని అటూ ఇటూ చూశాడు. వంటింటి వైపు తిరిగాడు.

"ఆ కొళాయి కారుతోంది కదూ?"

"ఏడాదిబట్టీ కారుతోంది మహానుభావా" అంది అక్క, నవ్వబోయి కళ్ళు ఒత్తుకుంటూ.

మధ్యాహ్నం దాటింది, సాయంత్రమైంది. దుప్పటి పడలేదు. బావ ఎన్నిసార్లు పెట్టె ఆపి వేసినా మాట మాటలాగే వినిపిస్తోంది. వీధిలోకి వెళ్ళి పక్కింటివాళ్ళని, ఎదురింటివాళ్ళని పిలిచి మరీ చెప్పాడు. "మా బుజ్జి నా చెవులు నాకు తెచ్చిచ్చాడు. మీ బావమరుదులు ఏమిచ్చారు మీకు, సంపాదిస్తే ఇలాంటివాణ్ణి సంపాదించుకోవాలి." అందరూ బుజ్జి వైపు మెచ్చుకోలుగా చూశారు. అతని చేతిలో టీ చల్లారిపోయింది.

లోపలికొచ్చాక బావ గొంతు తగ్గించి అన్నాడు. "ఈ కొత్తది కాస్త ముందు వచ్చుంటే ఆ వ్యాను సంగతి... సరేలే. అందులో నీ తప్పేముంది? వచ్చినప్పుడే వస్తుంది ఏదైనా."

బుజ్జి అప్పుడు కూడా చెప్పలేదు. చెప్పులేసుకుని వచ్చేశాడు.

తర్వాతి రోజులు అతనికి పని మీద మనసు నిలవలేదు. అక్క ఫోన్ చేసి "మీ బావ మళ్ళీ మునపటి మనిషి అయ్యాడురా" అని సంతోషపడిన ప్రతిసారీ తలకొట్టేసినట్టయ్యేది. దొంగసొత్తు తెచ్చిచ్చి కానుకంటే, కళ్ళకద్దుకుని తీసుకున్నట్టుంది వాళ్ళ వరస. చివరికి ఒక మధ్యాహ్నం ఆఫీసులో చెప్పకుండా లేచి, బావ పనిచేసే షాపు దగ్గరికి వెళ్ళాడు.

బావ మెరిసే పట్టీల కోటు వేసుకుని, మెళ్ళో ఈలతో, గోడనీడన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చూడగానే మొహం విప్పారింది. "ఏంటోయ్, కారు కొన్నావా? పెట్టించనా?"

"బావా, నీకో మాట చెప్పాలి."

"వినడానికే కదా పెట్టె ఇచ్చావు, చెప్పు."

"అది కొత్త మోడల్ కాదు బావా. నీ పాత పెట్టే. లోపల నేను రాసింది తప్పు. మొదట్నుంచీ తప్పే. మధ్యాహ్నాలు నీకు వినపడకపోవడం నీ చెవుల వల్ల కాదు."

బావ నవ్వు ఇంకా పెదాల మీదే ఉంది, కళ్ళలోంచి మాత్రం పోయింది. "నా చెవుల వల్ల కాదా?"

"కాదు. నువ్వు చెప్పింది చెప్పినట్టు చూసుంటే అప్పుడే దొరికేది. నేను చూడలేదు. వయసని చెప్పా."

"ఆ వ్యాను వచ్చిన రోజు?"

"మధ్యాహ్నం వచ్చింది కదా బావా. ఖచ్చితంగా అని చెప్పలేను. కానీ చాలావరకు అదే."

బావ కాసేపు ఈల తాడు వేలికి చుట్టి విప్పాడు. బుజ్జి ఇంకేదో అనబోయాడు, ఎలా జరిగిందో, ఆ తీగలూ ఆ అంకెలూ. బావ చెయ్యి జేబు దగ్గరికి వెళ్ళింది. టక్కున చిన్న చప్పుడు. పెట్టె ఆపేశాడు. హెడ్‌ఫోన్లు తీసి మెళ్ళో వేసుకుని, అప్పుడే లోపలికి వస్తున్న కారుకి చెయ్యి ఊపుతూ లేచి వెళ్ళిపోయాడు. ఆ కారు పెట్టించాడు, దాని వెనకాల ఇంకోటి పెట్టించాడు. వెనక్కి తిరిగి చూడలేదు. బుజ్జి ఎండలో కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

అక్కకి బావ ఆ సాయంత్రమే చెప్పేశాడు. ఆమె ఫోన్ చేసి తిడుతుందనుకున్నాడు బుజ్జి. తిట్టలేదు.

"ఏడాది పాటు ఆయన మీద అరిచానురా. నేనేం చెప్పినా చెవిన వేసుకోవట్లేదని, కావాలనే చేస్తున్నాడని. ఒకరోజు పళ్ళెం విసిరేశా కూడా. అప్పుడు ఆయన ఏమీ అనకుండా ఆ మెతుకులు ఏరుకున్నాడు. అది గుర్తొస్తోంది. నాకు నిజంగా తెలీదురా." ఆమె ఏడుస్తూ ఉంటే బుజ్జి ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. తప్పు తనొక్కడిదే అని చెప్పబోయాడు. ఆ మాట ఆమెకేమీ ఉపయోగపడదని తెలిసి ఊరుకున్నాడు.

ఇంటికి వెళ్తే బావ తలుపు తీసేవాడు. "రండి, కూర్చోండి" అనేవాడు. ఇన్నేళ్ళలో ఆయన నోటినుంచి బుజ్జి ఎన్నడూ వినని గౌరవం. "మీరు టీ తాగుతారా?" అని అడిగి, లోపలికి వెళ్ళి అక్కని పంపించేవాడు. బావ కొట్టినా బాగుండేదనిపించేది బుజ్జికి.

ఓనరుకి సంగతి చెప్పాడు. ఓనరు తల పట్టుకున్నాడు. చెడ్డవాడేం కాదు, భయస్తుడు. "ఇప్పుడిది బయటికి చెబితే మన పెట్టె ఎవరు కొంటారయ్యా? కొత్త మోడల్ వచ్చిందని చెప్పి మార్చేద్దాం, గొడవ వదిలిపోతుంది" అన్నాడు. బుజ్జికి ఆయన్ని ఎదిరించే నోరు లేకపోయింది. "ఆ మాట మా ఇంట్లో నేనే ముందు అన్నాను సార్. అది పనిచెయ్యదు" అని మాత్రం అన్నాడు. చివరికి ఓనరు పెట్టెలన్నీ బాగుచేయించడానికి ఒప్పుకున్నాడు. వాళ్ళకేం చెప్పాలో మాత్రం "అది నువ్వూ నీ మనస్సాక్షీ చూసుకోండి" అన్నాడు.

బుజ్జి ఆశ్రమానికి వెళ్ళి పెట్టెలన్నీ సరిచేసి వచ్చాడు. చాలామంది పొద్దుటినుంచీ పెట్టె ఆపకుండా ఉంచుకునేవాళ్ళే గనక వాళ్ళకి పెద్దగా తేడా తెలియలేదు. అక్కడ మేనేజరుతో చెప్పాడు, ఆయన విని ఊరుకున్నాడు. ఇక మిగిలింది విడిగా కొనుక్కెళ్ళినవాళ్ళు. అందులో వినపడట్లేదని ఫోన్ చేసినవాళ్ళు కొందరున్నారని బుజ్జికి తెలుసు. వాళ్ళకి కూడా తను చెప్పింది అదే, వయసండీ, డాక్టరుకి చూపించుకోండి. వాళ్ళ గడప తొక్కడానికి కాళ్ళు రాలేదు. ఈ వారం ఆఫీసులో పని, వచ్చే వారం ఒంట్లో నలత అంటూ తనకి తనే సాకులు చెప్పుకున్నాడు.

బేకరీ వ్యాను డ్రైవరు దగ్గరికి మాత్రం వెళ్ళాడు. మణికట్టు అతికింది గానీ పూర్తిగా తిరగదు. బుజ్జి చెప్పిందంతా అతను విన్నాడు. "అయితే ఆయన ముసలివాడైపోలేదన్నమాట" అన్నాడు. "నేనే ఆ మాట అని వచ్చాను. ఆయనకి చెప్పండి, నేను మళ్ళీ బండి అక్కడికే తెస్తానని." ఆ తిరగని చేత్తోనే టీ గ్లాసు అందించాడు. బుజ్జి రెండు చేతులా అందుకున్నాడు.

ఆ కబురు చెప్పడానికి షాపు ముందున్న బావ దగ్గరికి వెళ్ళాడు. బావ స్టూలు మీద తల వంచుకుని విన్నాడు. ఉన్నట్టుండి తలెత్తి అడిగాడు.

"నాలాంటివాళ్ళు ఇంకెంతమంది?"

"ఉన్నారు బావా, కొందరు."

"వాళ్ళకి చెప్పారా?"

"ఇంకా లేదు. వెళ్దామనే..."

"ఒరేయ్!" బావ స్టూలు మీంచి లేచాడు. "నువ్వు మనిషివేనట్రా? నాకు చెప్పి ఏడిచి నీ బరువు దించుకున్నావు. వాళ్ళు అక్కడ నోరు మూసుకుని మూలన కూర్చుని ఉంటారు కదరా, నాలాగే. వాళ్ళ పెళ్ళాలు అరుస్తూ ఉంటారు కదరా! పద."

"ఎక్కడికి?"

"వాళ్ళింటికి. నిన్నొక్కణ్ణీ పంపితే వీధి చివర్నుంచి వెనక్కొచ్చే రకానివి నువ్వు."

అలా మొదలైంది. బావ సెలవు దొరికినప్పుడల్లా ఇద్దరూ స్కూటరు మీద వెళ్ళేవాళ్ళు. చెప్పడం బుజ్జి పని. బావ పక్కన నిలబడేవాడు, ఒక్క మాట సాయం వచ్చేవాడు కాదు. ఒక ఇంట్లో పెద్దాయన అంతా విని తలుపు మొహం మీద వేశాడు. ఇంకో ఇంట్లో కోడలు నిలదీసి కడిగేసింది. మరో ఇంట్లో ఎంచక్కా కాఫీ ఇచ్చి పంపారు, అది తిట్లకంటే కష్టంగా దిగింది.

ఈలోగా బావ పొద్దుటిపూట షెడ్డుకి వెళ్ళడం మొదలుపెట్టాడు. షెడ్డు వెల్డరుదే, వెనక్కి ఇమ్మని బావ అడగలేదు, అతను ఇస్తాననీ అనలేదు. బండ్లు వస్తే విని చెప్పి, మధ్యాహ్నం కార్ల దగ్గరికి పోతాడు. తన షెడ్డులో తను కూలికి నిలబడినట్టుందని అక్కతో ఒకసారి అన్నాడట. అది అక్క బుజ్జికి చెప్పింది. చెప్పకుండా ఉండాల్సింది అనుకుంది తర్వాత.

వాళ్ళు వెళ్ళిన ఇళ్ళలో చివరిది టెలిఫోన్ ఆపరేటరుగా చేసి రిటైరైన ఒక పెద్దావిడది. కూతురు తలుపు తీసింది. పెట్టె ఉందా అని అడిగితే, బీరువాలోంచి చీరల కింద వెతికి తీసింది. వైరు చుట్టచుట్టినట్టే ఉంది. "పెట్టుకున్నా ఏం లాభం అని అమ్మే పక్కన పడేసింది. మీ ఆఫీసువాళ్ళే చెప్పారట, ఇంక ఇంతేనని."

"చెప్పింది నేనేనండీ" అని బుజ్జి జరిగిందంతా ఆమెకి చెప్పాడు.

పెద్దావిడ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. బుజ్జి అక్కడే కింద కూర్చుని బ్యాటరీ మార్చి, ప్రోగ్రాం ఎక్కించి, పెట్టె ఆపి వేసి చూసి, హెడ్‌ఫోన్లు ఆమెకి అందించాడు. ఆమె చేత్తో తోసేసింది. కూతురు చెవి దగ్గర గట్టిగా అరిచి జరిగింది చెప్పింది. ఆమె తల అడ్డంగా ఊపింది.

"వద్దమ్మా. ఒకసారి వచ్చింది, పోయింది. మళ్ళీ పోతే నావల్ల కాదు. ఇదే అలవాటైపోయింది నాకు."

బావ ముందుకొచ్చి తన హెడ్‌ఫోన్లు చూపించాడు, తన జేబులోని పెట్టె చూపించాడు. చేతులతో సైగలు చేశాడు, బాగుంది, ఇప్పుడు పోదు అని. ఆవిడ ఆయన వంక మర్యాదగా చూసి నవ్వి, మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. బుజ్జి ఎదురుగా కూర్చుని, తప్పు నాదమ్మా, మీ చెవులది కాదు అన్నాడు. ఆమెకి వినపడదని తెలిసీ అన్నాడు. కూతురు మొహం తిప్పుకుంది.

పెట్టె బల్ల మీద పెట్టి, ఎలా వేసుకోవాలో కూతురికి చూపించి, ఇద్దరూ బయటికి వచ్చారు. బుజ్జి స్కూటరు తాళం పెట్టాడు గానీ తిప్పలేదు. హ్యాండిల్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"వచ్చే వారం మళ్ళీ వద్దాం" అన్నాడు బావ, వెనక ఎక్కి కూర్చుంటూ.

"పెట్టుకుంటుందంటావా బావా?"

"నాకేం తెలుసు? పెట్టుకోకపోతే ఆ పై వారం వస్తాం. బండి తియ్యి."

బుజ్జి బండి తీశాడు.